టోర్ఫీ నడుము, నా భుజం

సూది నా చేతిలోంచి జారి, రక్తం కలిపిన బేసిన్‌లో పడింది. అక్టోబరు నెల. వంటింటి బల్ల మీద శుభ్రం చేసిన గొర్రె పొట్టలు, పక్కన రై ధాన్యం పిండి, తరిగిన కొవ్వు. పొట్టల్ని ముక్కలు కోసి సంచుల్లా కుట్టడం, వాటిలో రక్తం, పిండి, కొవ్వు కలిపి నింపడం, మూతి కుట్టి ఉడకబెట్టడం, చలికాలానికి సరిపడా ఫ్రీజరులో సర్దుకోవడం మా ఇంట్లో ఏటా ఉండేదే. దాన్ని పని అని ఎవరూ అనరు. పండగ గురించి చెప్పినట్టు చెబుతారు. అది లేకపోతే మా ఆయన టోర్ఫీకి చలికాలం వచ్చినట్టే ఉండదు. తినేటప్పుడు మాత్రం, వాళ్ళమ్మ కుట్టే రోజుల్లో కుట్లు ఇంకా దగ్గరగా ఉండేవని ఏటా తప్పకుండా గుర్తు చేసుకుంటాడు.

సూది తీద్దామని చెయ్యి ఎత్తబోతే కుడి భుజం మాట వినలేదు. కిటికీ పక్కన కూర్చుని ఊలు అల్లుకుంటున్న మా అత్తగారు ఇంగ్వెల్దుర్ తలెత్తి ఏమైందని అడిగింది. చెయ్యి కాస్త ఏదోలా ఉందన్నాను. ఏదోలా అంటే ఎలా అని ఆవిడ అడగలేదు. కాఫీ కోసం లోపలికొచ్చిన టోర్ఫీ అది విని నా భుజం తట్టి, "డాగ్నీకేమిటమ్మా, గట్టి మనిషి," అని, కప్పు నింపుకుని వెళ్ళిపోయాడు. తట్టింది సరిగ్గా ఆ భుజం మీదే. నేను ఎడమచేత్తో సూది వెతుక్కుని కడుక్కుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను.

మా దగ్గర ఆడదానికి గట్టి మనిషి అన్న మాటకి మించిన మెప్పు లేదు. కింద పడి ఏడవకుండా లేచిన పిల్ల గట్టిది. పచ్చి బాలింతగా చేపల ఫ్యాక్టరీకి వచ్చి నిలబడ్డ మనిషి గట్టిది. ఆ బిరుదు నాకు పెళ్ళయిన కొత్తలోనే ఇచ్చేశారు. ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోకుండా చూసుకోవడంలోనే నా సగం జీవితం గడిచిపోయింది. నాకంటే ముందు మా అమ్మదీ అదే కథ. తన నొప్పులన్నిటికీ కలిపి ఆవిడ పెట్టుకున్న పేరు ఒక్కటే: ఏం లేదు. ఏమైందమ్మా అంటే ఏం లేదు. ఆ "ఏం లేదు" పంటి బిగువున వచ్చిందా, మంచం మీదనుంచి వచ్చిందా చూసుకుని మేం అర్థం చేసుకోవాలి.

టోర్ఫీ నడుము సంగతి వేరు. దానికి పేరుంది, చరిత్ర ఉంది. పెళ్ళయిన కొన్నేళ్ళకి, ఓ వసంతకాలంలో ఒంటరిగా పడవ మీద వెళ్ళి పెద్ద హాలిబట్ చేపను పైకి లాగుతుంటే నడుం పట్టేసింది. ఒంగినవాడు ఒంగినట్టే ఉండిపోయాడు. పడవ అలల మీద అలా కొట్టుకుపోతుంటే స్నేహితుడు బ్రాందుర్ చూసి, తన పడవకి కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. అలా ఉన్నట్టుండి నడుం పట్టేయడాన్ని మా వాళ్ళు రాకాసి కాటు అంటారు. కొండల్లో దాక్కున్న రాకాసి ఎవరూ చూడకుండా వచ్చి కొరికిపోతుందట. అయినా మగవాడి నడుముకి ఆ మాత్రం హంగు ఉండాలి మరి. ఆ హాలిబట్ ఏడాదికి కాస్త చొప్పున పెరుగుతూ, ఇప్పుడు పడవ కంటే పెద్దదైంది. ఆ రోజునుంచీ టోర్ఫీ వంగకూడదు. వాకిట్లో మంచు తీసేది నేను, చేపల పెట్టెలు కారులోకి ఎత్తేది నేను, పరుపు తిప్పేది నేను. పోస్టాఫీసులో, కొట్లో, చర్చి మెట్ల మీద ఎవరు కనపడినా నన్ను అడిగే మొదటి మాట, టోర్ఫీ నడుం ఎలా ఉందని. ఫర్వాలేదు, చలికి కాస్త ఇబ్బంది అని నేను చెబుతాను. ఆ జవాబు ఇచ్చే బాధ్యత కూడా నాదే.

అలా ఊరంతా కలిసి ఆయన నడుముకి ఓ చోటు కేటాయించింది. మా ఊళ్ళో చర్చికి వెళ్ళనివాళ్ళున్నారు గానీ వేడినీళ్ళ తొట్టికి వెళ్ళనివాళ్ళు లేరు. బడి వెనక ఈతకొలను, దాని పక్కన ఆరుబయట గుండ్రటి తొట్టి, భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు. సాయంత్రం పనులయ్యాక అందరం అందులో మెడ దాకా మునిగి కూర్చుని, చేపల ధర నుంచి మంత్రుల విడాకుల దాకా మాట్లాడుకుంటాం. తొట్టి గోడలో ఒక్కచోట మాత్రం బలమైన నీటిధార వస్తుంది. అక్కడ ఆనుకుని కూర్చుంటే ఎవరో మంచి చేతిబలం ఉన్న మనిషి పిడికిళ్ళతో ఒళ్ళు పిసికినట్టుంటుంది. అది టోర్ఫీ మూల. గుండ్రటి తొట్టికి మూలేమిటని అడక్కండి, మేమంతా అలాగే అంటాం. తెలియని వాళ్ళెవరైనా వచ్చి అక్కడ కూర్చుంటే బ్రాందుర్ దగ్గరికి జరిగి, ఇది నడుం బాగాలేని మనిషి చోటు అని మర్యాదగా చెబుతాడు. వాళ్ళూ మర్యాదగా లేచిపోతారు. నేను ఎదురుగా, నిచ్చెన పక్కన కూర్చుంటాను. ఇంటికి వెళ్ళి వంట చూసుకోవాలి కాబట్టి ముందుగా లేచేదాన్ని నేనే.

నా భుజం కథ ఫ్యాక్టరీలో మొదలైంది. చేపముక్కల్లోంచి ముళ్ళు తీసి అంచులు సరిచేసే బల్ల దగ్గర నా పని. ఆ బల్ల నాకంటే పొడుగు మనుషుల కోసం చేసింది. కత్తి పట్టిన చెయ్యి పని ఉన్నంతసేపూ చెవి దగ్గరికి ఎత్తి ఉండాల్సిందే. ఫోర్‌మన్‌తో చెబితే పీట వేసుకోమన్నాడు. పీట వేసుకుంటే శుభ్రత తనిఖీకి వచ్చినాయన తీసేయమన్నాడు. మళ్ళీ ఫోర్‌మన్ దగ్గరికి వెళితే, ఇంతకాలం లేని ఎత్తు ఇప్పుడెందుకు గుర్తొచ్చింది డాగ్నీ అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

కిందటేడు చలికాలంలో ఓ పొద్దున లేచేసరికి కత్తి కాదు కదా, దువ్వెన కూడా పట్టుకోలేకపోయాను. ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. ఏమైందన్నాడు. నా దగ్గర మాట లేదు. చెయ్యి అనాలా, మెడ అనాలా, వీపు అనాలా, అసలు దీన్ని నొప్పి అనొచ్చా అని తడుముకుంటుంటే నోట్లోంచి రాకాసి కాటు అని వచ్చేసింది. మా ఇంట్లో చెలామణీలో ఉన్న నొప్పి అదొక్కటే మరి. అవతల గొంతు వెంటనే మెత్తబడింది. "అయ్యో, కదలకు. టోర్ఫీ ఉన్నాడుగా, ఏం చెయ్యాలో చెబుతాడు," అన్నాడు. మొగుడి నొప్పి కప్పుకోగానే అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. మా ఊరు చిన్నది. పక్క ఊరినుంచి వచ్చే డాక్టరుకి నేను లోపలికి వెళ్ళేసరికే సంగతి తెలిసిపోయింది. ఆయన శ్రద్ధగానే నా నడుం చూశాడు, వంగమన్నాడు, లేవమన్నాడు. కాదు డాక్టరుగారూ, నడుం కాదు అనొచ్చుగా? అనలేదు. అంటే అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నానని తేలిపోతుందని భయం. నడుముకి వ్యాయామాలు నేర్చుకుని ఇంటికొచ్చాను.

ఆ చలికాలమంతా హాల్లో నేల మీద పడుకుని, బాగున్న నడుముకి వ్యాయామం చేశాను. ఒక్కొక్కదానికీ భుజం మీద బరువు వేసి లేవాలి. భుజం ఇంకా పాడైంది. టోర్ఫీ మాత్రం సోఫాలో కూర్చుని సంతోషపడ్డాడు. చూశావా, ఇన్నాళ్ళూ నేను పడ్డది ఇదీ అని, ఎలా ఊపిరి తీసుకోవాలో కూడా నేర్పాడు. నిజం చెప్పాలంటే పెళ్ళయ్యాక మేమంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకున్న రోజులు తక్కువ. మా అత్తగారికి మాత్రం కష్టం కలిగింది. ఆవిడ తండ్రికి వచ్చింది, మా మామగారికి వచ్చింది, కొడుక్కి వచ్చింది. "అమ్మాయ్, అది మా ఇంట్లో మగవాళ్ళకి వచ్చేది. కోడళ్ళకి రాగా నేను చూళ్ళేదు," అంది, నేనేదో వెండి చెంచాలు ఎత్తుకెళ్ళినట్టు.

శనివారం పొద్దున తొట్టిలో ఆడవాళ్ళమే ఉంటాం. పొట్టలు కుట్టిన ఆ వారం నేను వెళ్ళేసరికి లోవీసా ఒక్కతే ఉంది. ఫ్యాక్టరీలో నా పక్క బల్ల మనిషి, నాలుగేళ్ళ కిందట రిటైరైంది. ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలిసిన మనిషి. నేను నిచ్చెన ఎడమచేత్తో పట్టుకుని దిగడం చూసి నొప్పెక్కడ అంది. నడుం అనబోయాను. తొట్టిలో మేమిద్దరమే, నీళ్ళ మీద ఆవిరి, అబద్ధం చెప్పాలనిపించలేదు. భుజం అన్నాను.

"ఎలాంటి నొప్పి?"

"నొప్పే. మామూలు నొప్పి."

"ఇన్నేళ్ళు బల్ల దగ్గర నిలబడ్డావు, చేప అంటే సరిపోతుందా తల్లీ? కాడ్ చేపో, హాడాక్ చేపో చెప్పొద్దూ?"

ఇక మొదలుపెట్టింది. పోటా అంది. పోటంటే గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుందట, పంటికీ కురుపుకీ వచ్చేది. కాదన్నాను. చివుక్కుమంటోందా? కాదు. పీకుతోందా, పిక్కలు పీకినట్టు? అబ్బే. గుంజుతోందా? కత్తి పట్టినప్పుడు కాస్త గుంజుతుంది, కానీ అసలుది అది కాదు. తిమ్మిరి? ఉంది, అది వేళ్ళలో, వేరే. మంట? మంట కాదు. ఆవిడ అడిగిన ఒక్కో మాటనీ నా ఒంటి మీద పెట్టి చూసుకున్నాను, కొట్లో చెప్పులు తొడిగి చూసుకున్నట్టు. ఇన్ని మాటలు నాకూ తెలిసినవే. చిన్నప్పటినుంచీ విన్నవే. వాటిని నా కోసం ఎప్పుడూ వాడుకోలేదంతే. చివరికి ఆవిడ ఆగి, అది ఏం చేస్తుందో చెప్పమంది. పగలు పనిలో ఉన్నప్పుడు ఊరుకుంటుంది, రాత్రి పడుకోగానే లోపల ఎముక దగ్గర మొదలవుతుంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు, తెల్లవార్లూ అలా ఉంటూనే ఉంటుంది అన్నాను. డబ్బాలో పెట్టిన రై రొట్టె సన్నసెగ మీద రాత్రంతా ఉడికినట్టా అంది. అవును, అచ్చం అలాగే.

"సలుపు," అంది లోవీసా. "నీది సలుపు."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇంత చిన్న మాట. అది దొరకగానే ఇన్నాళ్ళూ నేను ఊహించుకుని బాధపడలేదని తేలిపోయింది. లోవీసాకి నా కళ్ళనీళ్ళు పట్టలేదు. తన మోకాలి గురించి మొదలుపెట్టి, అది కలుక్కుమంటుందో, కటకటమంటుందో తేల్చుకోలేక, నేను లేచేదాకా దాని గురించే మాట్లాడింది.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి సరైన మాట చెప్పాను. రాకాసి కాటు నాది కాదని కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు, నవ్వి, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి చెయ్యి తిప్పి చూసి, కీలు బిగుసుకుపోతోందంది. వదిలేస్తే ఆ చెయ్యి ఇక భుజం దాటి లేవదంది. ఫ్యాక్టరీలో బల్ల ఎత్తు తగ్గించాలని ఫోర్‌మన్‌తో తనే మాట్లాడతానంది. దాంతోపాటు రోజూ భుజానికి వేడినీళ్ళ ధార పడాలంది. "మీ ఊరి తొట్టిలో మంచి ధార ఉందటగా, మీరు అదృష్టవంతులు."

"అది మా ఆయనది," అన్నాను.

జోక్ అనుకుని ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి భోజనాల దగ్గర టోర్ఫీకి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. తప్పకుండా కూర్చో, ఎవరొద్దన్నారు, నేను వచ్చేదాకా కూర్చో అన్నాడు. ఎంత ఉదారంగా అన్నాడంటే నేను థాంక్స్ కూడా చెప్పాను. మర్నాడు పని నుంచి ఇంటికి వెళ్ళకుండా అటే వెళ్ళి ధార దగ్గర కూర్చున్నాను. భుజం కాస్త వదులవుతుండగానే స్నానాల గది తలుపులో టోర్ఫీ తువ్వాలు కనపడింది. ఎవరూ ఏమీ అనకముందే నేను లేచిపోయి నిచ్చెన పక్కకి చేరాను. ఆయన వచ్చి కూర్చుని హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఆ రాత్రి సలుపు మొదలయ్యాక, నా చెయ్యి నాకు మిగలాలా, ఆ మూల ఆయనకి మిగలాలా అని నన్ను నేను అడుక్కున్నాను. అలా అడుక్కుంటే జవాబు కష్టం కాలేదు. లేవకుండా కూర్చోవడమే కష్టం.

తర్వాతి సాయంత్రం సన్నగా మంచు పడుతోంది. ధార దగ్గర కూర్చుని భుజం ఆనించాను. బ్రాందుర్, ఇంకో ఇద్దరు మగవాళ్ళు ఎదురుగా కూర్చుని రొయ్యల వేట కోటా గురించి వాదించుకుంటున్నారు. లోవీసా వాళ్ళ మాటలు వింటున్నట్టు నటిస్తోంది. తలుపు తెరుచుకుంది. బ్రాందుర్ గొంతు తగ్గించి, "డాగ్నీ, టోర్ఫీ వస్తున్నాడు," అన్నాడు.

"చూశాను," అన్నాను.

టోర్ఫీ తొట్టి గట్టు మీద నిలబడ్డాడు. జుట్టులో మంచు పడుతోంది. నేను లేవలేదు. కాళ్ళు మాత్రం నీళ్ళలో తమంతట తామే లేవబోయాయి, అదిమిపెట్టాను. రొయ్యల కోటా ఆగిపోయింది. ఏం, నీకు మళ్ళీ రాకాసి కాటు వేసిందా అన్నాడు బ్రాందుర్, నాకు దారి చూపిస్తున్నట్టు. అవునంటే అయిపోయేది. ఇద్దరు నడుం రోగులు, కాసేపు నేను, కాసేపు ఆయన.

"కాదు. నాకు రాకాసి కాటు ఎప్పుడూ వెయ్యలేదు," అన్నాను. "నాది సలుపు. కుడి భుజంలో. పగలు ఊరుకుంటుంది, రాత్రి మొదలవుతుంది. చెయ్యి ఇంతకన్నా పైకి లేవదు." ఎత్తి చూపించాను. నీళ్ళలోంచి మోచెయ్యి కాస్త బయటికొచ్చి ఆగిపోయింది.

అందరూ నా మోచెయ్యి వంక చూశారు. రాకాసి గురించయితే ఏమనాలో వాళ్ళకి తెలుసు. దీనికేమనాలో తెలియలేదు. బ్రాందుర్ మాత్రం, మా ఆవిడక్కూడా అలాంటిదేదో ఉన్నట్టుంది అన్నాడు. ఉందా అని ఎప్పుడైనా అడిగావా అంది లోవీసా. లేదన్నాడు.

"ఇంత బాధని నాకు ముందే చెప్పలేదేం?" అన్నాడు టోర్ఫీ, గట్టు మీదనుంచే.

"చెప్పాను. గట్టి మనిషివన్నావు."

ఆయన నిచ్చెన దిగాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు తొట్టి మధ్యలో నిలబడి, మెల్లగా వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. లోవీసా పుణ్యమా అని అటువైపు మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన నోరు నీళ్ళకి ఆనేలా వంగి, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

"ఒకటి చెబితే అరవవు కదా. నా నడుం నొప్పి పోయి చాలా కాలమైంది."

"ఎప్పుడు పోయింది?"

"సరిగ్గా తెలీదు. ఓ రోజు చూసుకుంటే లేదు. అప్పటికే అందరికీ అడగడం అలవాటైపోయింది. తగ్గిపోయిందంటే ఇక అడగరేమో అనిపించింది."

కోపం వచ్చింది. రాలేదని చెబితే అబద్ధం. తవ్వి పోసిన మంచు అంతా, ఎత్తిన పెట్టెలన్నీ, పోస్టాఫీసులో నేను చెప్పిన జవాబులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లేని నొప్పికి ఊరంతా చాకిరీ చేసింది, ముందు వరసలో నేను. ఎదురుగా బ్రాందుర్ ఉన్నాడు. ఒక్క మాట కాస్త గట్టిగా అంటే చాలు, పొద్దుటి కాఫీలకల్లా సంగతి మా ఊరి సముద్రపాయ రెండు ఒడ్డులకీ చేరుతుంది. టోర్ఫీకి అది తెలుసు. జుట్టంతా తడిసి, చెవులు ఎర్రబడి, బడిలో తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నా వంక చూస్తున్నాడు. తగ్గిపోయిందంటే అడగరేమో అన్న మాట మాత్రం నా లోపల గుచ్చుకుంది. అడిగించుకోవడం ఎంత బాగుంటుందో నాకు తెలిసి కొన్ని రోజులే అయింది. ఆయనకి అది ఏళ్ళ తరబడి ఉచితంగా దొరికింది.

"రేపటినుంచి మంచు నువ్వే తియ్యాలి," అన్నాను.

"తీస్తాను."

"పెట్టెలూ."

"సరే." జుట్టులో మంచు దులుపుకుని, "అందరికీ ఏమని చెప్పను?" అన్నాడు.

"నీ ఇష్టం. తగ్గుతోందని చెప్పు."

ఆయన లేచి వెళ్ళి నిచ్చెన పక్కన కూర్చున్నాడు. మగవాళ్ళు ఆశ్చర్యంగా చూశారు. ఆ రోజు నేను అందరికంటే చివర లేచాను. ఇంటికెళ్ళేసరికి టోర్ఫీ బంగాళాదుంపలు ఉడకబెట్టి ఉంచాడు, కాస్త ఎక్కువే ఉడికాయి, కానీ తిన్నాం.

ఇప్పుడు చెయ్యి చెవి దాకా లేస్తోంది. మంచు టోర్ఫీ తీస్తున్నాడు, కొడుకు అన్నేళ్ళ బాధని ఎంత ధైర్యంగా జయించాడో మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటోంది. నేను పక్కనే ఉండి తల ఊపుతాను. ఆయన నడుం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. నా భుజం సంగతి మాత్రం అడిగినవాళ్ళందరికీ, కూర్చోబెట్టి, తీరిగ్గా, మొదటినుంచీ చెబుతున్నాను.